“నీకు రాదులే అమ్మా” - నేను ఫ్రేజులూ క్లాజులూ నేర్చుకున్న కథ

మా ఇంట్లో సాయంత్రం ఆరు దాటితే రెండు చప్పుళ్లు మొదలవుతాయి. ఒకటి మగ్గం చప్పుడు, రెండోది మా చిన్నమ్మాయి చదువు చప్పుడు. ముందు గదిలో మా వారూ, మా మరిదీ జాందానీ మగ్గం మీద పక్కపక్కన కూర్చుంటారు. వసారాలో నేను కండెలు చుడుతుంటాను. నా పక్కనే చాప వేసుకుని అది పైకి చదువుతుంటుంది. ఇంకో చప్పుడు కూడా ఉంది కానీ, అది సముద్రానిది. ఉప్పాడలో ఉండేవాళ్లం దాన్ని లెక్కలోకి తీసుకోం.

అయిదో తరగతి దాకా దానికి ఏ అనుమానం వచ్చినా నా దగ్గరికే వచ్చేది. లెక్కలైనా, సైన్సైనా. ఆరులోకి వచ్చాక ఇంగ్లీషు మీడియం పుస్తకాలు బరువెక్కాయి. నెమ్మదిగా అడగడం తగ్గించేసింది. ఓ రోజు నేనే పుస్తకంలోకి తొంగిచూసి “ఏంటమ్మడూ, ఏం రావట్లేదు?” అన్నాను. అది తలెత్తకుండానే “నీకు రాదులే అమ్మా, ట్యూషన్ సార్‌ని అడుగుతాలే” అంది.

దానిలో కోపం లేదు, వెటకారం లేదు. ‘డబ్బాలో పంచదార అయిపోయిందిలే’ అన్నంత మామూలుగా అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

నేను కాకినాడలో బి.ఏ. చదివాను, తెలుగు తీసుకుని. మా నాన్నకి నేను పంతులమ్మని కావాలని ఉండేది. పెళ్లయింది, పిల్లలు, మగ్గం పనులు... మీకు తెలియని కథేం కాదు. డిగ్రీ సర్టిఫికెట్టు బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. ఇంగ్లీషంటే మాత్రం నాకు మొదటి నుంచీ బెదురే. పరీక్షకి వ్యాసాలు బట్టీ పట్టి గట్టెక్కినదాన్ని. కాబట్టి అది అన్నది అబద్ధమూ కాదు. నోరు మూసుకుని కండెలు చుట్టుకున్నాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న అక్టోబరులో అల్పపీడనం పట్టింది. ఇక్కడ అల్పపీడనం అంటే ముందు దెబ్బ తినేది కాకినాడ బీచ్ రోడ్డే. కెరటాలు రోడ్డు మీదికి వచ్చి రాళ్లు లాక్కుపోతాయి, బండ్లు ఆపేస్తారు. ట్యూషన్ సార్ ఆ రోడ్డునే రావాలి. రెండు రోజులు రాలేదు. మూడో రోజు పొద్దున దీనికి స్లిప్ టెస్టు. ఏం టెస్టే అంటే “ఫ్రేజెస్ అండ్ క్లాజెస్” అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

“చదువు, వింటాను” అన్నాను. ఇంకెవరూ లేరు కాబట్టి చదివింది.

నిర్వచనాలు రెండూ కంఠతా వచ్చు దానికి. ఫ్రేజ్ అంటే కొన్ని పదాల గుంపు, దానిలో కర్తా క్రియా జోడీ ఉండదు, అర్థం పూర్తి కాదు. క్లాజ్ అంటే కర్తా, కాలాన్ని చెప్పే క్రియా రెండూ ఉన్న గుంపు. అది వాక్యంలో ఒక భాగం. ఇంతవరకూ గడగడా చెప్పేసింది. “మరి ఇది ఏది?” అని పుస్తకంలోని వాక్యం మీద వేలు పెడితే మాత్రం నా మొహం చూసింది. అచ్చంగా నేను డిగ్రీలో చూసినట్టే.

కానీ అది చదువుతుంటే నా చెవిలో ఏదో తెలిసిన మాట పడింది. కాలాన్ని చెప్పే క్రియ. పూర్తి అయ్యే క్రియ. ఇది మన సమాపక క్రియ కాదూ? “రాముడు అడవికి వెళ్లాడు” అంటే మాట పూర్తయింది, వెళ్లాడు అన్నది సమాపకం. “వెళ్లి” అంటే పూర్తవలేదు, అసమాపకం. దాని తెలుగు వాచకంలోనూ ఇదే ఉంది. సామాన్య వాక్యం, సంక్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం. ఇంగ్లీషు పుస్తకంలో సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్. ఒకే అమ్మాయి, ఒకే సంచీలో రెండు పుస్తకాలు మోస్తోంది. ఒకదానిలో వచ్చింది రెండోదానిలో రావట్లేదని ఏడుస్తోంది!

నాకు ఎంత సంబరమేసిందో చెప్పలేను. కండె పక్కన పడేసి పాఠం మొదలుపెట్టాను. “చూడమ్మడూ, సంక్లిష్ట వాక్యమే కాంప్లెక్స్ సెంటెన్స్. అందులో అసమాపక క్రియ ఉన్న ముక్కే క్లాజ్. తెలుగులోకి మార్చుకుని చూడు. క్రియ కనబడితే క్లాజ్, లేకపోతే ఫ్రేజ్. అంతే!”

అది నా వంక కొత్తగా చూసింది. “అంతేనా అమ్మా? మరి సార్ ఇంత చెబుతారేంటి?” అంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. నేనూ పోయాను.

మర్నాడు సాయంత్రం పేపరు తెచ్చింది. పదికి నాలుగు.

ఏమీ అనలేదది. పేపరు నా ఒళ్లో పెట్టి, చాప తీసుకెళ్లి నాయనమ్మ మంచం పక్కన వేసుకుంది. “నీవల్లే” అన్నా బాగుండేది. ముందు రోజు చూసిన ఆ కొత్త చూపు ఒక్కరోజు కూడా నిలవలేదు.

పని అంతా అయ్యాక పేపరు ముందేసుకుని కూర్చున్నాను. తప్పయిన ఆరింటిలో నాలుగు తప్పులు నావే. చూడండి.

‘ద మ్యాన్ ఇన్ ద బ్లూ షర్ట్’ అని ఇచ్చారు. ‘ఇన్ ద బ్లూ షర్ట్’ ఏమిటని ప్రశ్న. ఇది నేను చెప్పినట్టు తెలుగులోకి మార్చుకుంది. “నీలం చొక్కా వేసుకున్న మనిషి.” వేసుకున్న అని క్రియ కనబడింది. క్లాజ్ అని రాసింది. తప్పు, అది ఫ్రేజ్.

‘ద బుక్ ఆన్ ద టేబుల్.’ “బల్ల మీద ఉన్న పుస్తకం.” ఉన్న అనే క్రియ వచ్చింది. క్లాజ్ అని రాసింది. తప్పు.

‘హ్యావింగ్ ఫినిష్డ్ హర్ వర్క్, షి వెంట్ హోమ్.’ “పని ముగించుకుని ఇంటికి వెళ్లింది.” ముగించుకుని అసమాపక క్రియ, కాబట్టి క్లాజ్. తప్పు.

‘షి వెంట్ టు బై ఫిష్.’ “చేపలు కొనడానికి వెళ్లింది.” కొనడానికి క్రియే కదా, క్లాజ్. తప్పు.

నాలుగూ చదివాక నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. పిల్ల నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. ఒక్క చోట కూడా దారి తప్పలేదు. నేను చూపించిన దారే తప్పు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అల్పపీడనం వెళ్లిపోయినా సముద్రం ఇంకా కొడుతూనే ఉంది. లేచి అటక మీది ట్రంకుపెట్టె దింపాను. నా డిగ్రీ పుస్తకాలు దానిలోనే ఉన్నాయి. మా వారు లేచి “ఈ వేళప్పుడేంటి?” అన్నారు. “సమాపక క్రియ” అన్నాను. ఆయన మళ్లీ పడుకున్నారు.

చిన్నయసూరి బాలవ్యాకరణం తీశాను. అందులో పది పరిచ్ఛేదాలు. సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియ, కృదంత, ప్రకీర్ణక. ఒకప్పుడు నిద్రలో లేపినా చెప్పేదాన్ని. ఆ రాత్రి మాత్రం మొదటిసారి ఒక సంగతి తట్టింది. పదింటిలో వాక్యం పేరుతో ఒక్క పరిచ్ఛేదమూ లేదు! అక్షరం ఎలా మారుతుందో, మాట ఎలా పుడుతుందో అంత వివరంగా చెప్పిన ఆ మహానుభావుడు వాక్యానికంటూ ఒక గది కట్టలేదు. తెలుగు వాక్యాన్ని పట్టుకుని ఒక పుస్తకమే రాసింది చేకూరి రామారావుగారు, 1975లో, ‘తెలుగు వాక్యం’ అని. మా లెక్చరరుగారు ఆ పుస్తకం గురించి ఎంతో చెప్పేవారు. మేం మార్కులకి పనికొచ్చేంత వరకు రాసుకుని వదిలేశాం.

తరవాత పిల్ల సైన్సు పుస్తకం తీశాను. మీ ఇళ్లలోనూ చూసే ఉంటారు. 2020 నుంచి మన రాష్ట్రంలో పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో వేస్తున్నారు కదా. ఎడంపక్క వాక్యానికి కుడిపక్క వాక్యం పెట్టి, పెన్సిలు తీసుకుని క్రియలు లెక్కపెట్టాను.

ఇంగ్లీషులో ‘వెన్ వాటర్ ఈజ్ హీటెడ్, ఇట్ బికమ్స్ వేపర్’ అనే తీరు వాక్యం ఉంటే, తెలుగులో “నీటిని వేడిచేస్తే ఆవిరి అవుతుంది” అని ఉంటుంది. ఇంగ్లీషులో పూర్తి క్రియలు రెండు. తెలుగులో పూర్తి క్రియ ఒక్కటే, అవుతుంది. ‘వేడిచేస్తే’ సగంలో ఆగిన క్రియ. ఇలా నాలుగైదు పేజీలు చూశాను. చాలా చోట్ల ఇదే వరస. ఇంగ్లీషు రెండు మూడు క్రియలకు కాలం తగిలించి కూర్చోబెడుతుంది. తెలుగు అన్నింటినీ సగంలో ఆపి, చివర ఒక్క క్రియకే ఆ పెత్తనం ఇస్తుంది.

అప్పుడు అర్థమైంది నా తప్పు ఎక్కడో.

మన పుస్తకాల్లో ఒక సమాపక క్రియ, దానికి ముందు ఒకటో రెండో అసమాపక క్రియలు ఉంటే సంక్లిష్ట వాక్యం. బడి ఇంగ్లీషులో కాంప్లెక్స్ సెంటెన్స్ కావాలంటే లోపలి ముక్కలో కూడా సమాపక క్రియ ఉండాలి. ‘పని ముగించుకుని ఇంటికి వెళ్లింది’ మనకి సంక్లిష్టం. ‘హ్యావింగ్ ఫినిష్డ్ హర్ వర్క్, షి వెంట్ హోమ్’ వాళ్లకి సింపుల్. పేర్లు ఒకేలా ఉన్నాయని నేను రెంటినీ ఒకే గాటన కట్టేశాను. (పెద్ద చదువుల్లో ఇలాంటి సగం క్రియల ముక్కల్ని కూడా క్లాజులనే అంటారు. బడి పుస్తకాలు మాత్రం ఫ్రేజులంటాయి. మార్కులు వేసేది బడి కాబట్టి మనకి అదే శాసనం.)

ఇంకోటి. తెలుగులోకి మార్చుకుని చూడమన్నాను చూశారా, అది అసలు తప్పు. ‘ద శారీ ఆన్ ద లూమ్’ అన్నా, ‘ద శారీ దట్ ఈజ్ ఆన్ ద లూమ్’ అన్నా తెలుగులో మనం అనేది ఒక్కటే, “మగ్గం మీదున్న చీర”. ఇంగ్లీషులో మొదటిది ఫ్రేజ్, రెండోది క్లాజ్. తెలుగులోకి రాగానే రెండూ కలిసిపోయి ఒకటైపోతాయి. కలిసిపోయాక ఏది ఏదో ఎవరు చెప్పగలరు?

అంటే తెలుగులోకి మార్చి చూడకూడదు. కానీ తెలుగు వ్యాకరణం కళ్లతో చూడొచ్చు. సమాపకమా, అసమాపకమా అన్న ప్రశ్న సరైనదే. దాన్ని తెలుగు వాక్యాన్ని కాదు, ఇంగ్లీషు వాక్యాన్నే అడగాలి.

ఇక మిగిలింది, ఇంగ్లీషు క్రియ సమాపకమో కాదో పన్నెండేళ్ల పిల్ల ఎలా కనిపెడుతుంది అని. తెల్లవారుజామున ఇడ్లీ పిండి కలుపుతుంటే అది కూడా తట్టింది. నిన్నని రేపు చేస్తే సరి.

ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక దాన్ని పిలిచాను. “నేను తప్పు చెప్పాను, ఇప్పుడు సరిగ్గా నేర్చుకున్నాను, ఇంకోసారి వింటావా?” అన్నాను. పిల్లల దగ్గర తప్పు ఒప్పుకోవడం అలవాటు లేని వాళ్లం కదా, గొంతు కాస్త తడబడింది. అది అనుమానంగానే వచ్చి కూర్చుంది. అత్తయ్య కూడా తమలపాకు నములుతూ చేరారు.

చెప్పిన వరస రాస్తున్నాను. మీకూ పనికొస్తుందేమో.

మొదటి మెట్టు. ఇంగ్లీషు వాక్యాన్ని నిన్న జరిగినట్టు ఒకసారి, రోజూ జరిగేట్టు ఒకసారి చెప్పు. ఏ మాటలు మారుతున్నాయో చూడు. ‘స్టాండింగ్ ఆన్ ద వాల్, ద బాయ్ లాఫ్డ్’ నిన్నటి సంగతి. రోజూ జరిగేదైతే ‘స్టాండింగ్ ఆన్ ద వాల్, ద బాయ్ లాఫ్స్’. లాఫ్డ్ కాస్తా లాఫ్స్ అయింది. స్టాండింగ్ కదల్లేదు. కదలనిది కాలం మోయట్లేదన్నమాట. అది మన “నిలబడి” లాంటిది. అందుకని ‘స్టాండింగ్ ఆన్ ద వాల్’ ఫ్రేజ్.

ఇప్పుడు ‘వెన్ ద సీ రోజ్, ద వాల్ ఫెల్’. రోజూ జరిగేట్టు చెబితే ‘వెన్ ద సీ రైజెస్, ద వాల్ ఫాల్స్’. రెండు క్రియలూ మారాయి. రెండూ కాలం మోస్తున్నాయి. కాబట్టి రెండు క్లాజులు.

‘టు బై ఫిష్’? షి వెంట్ అన్నా, షి గోస్ అన్నా ‘టు బై’ అలాగే ఉంటుంది. ఫ్రేజ్. ‘ఇన్ ద బ్లూ షర్ట్’లో మారడానికి అసలు క్రియే లేదు. ఫ్రేజ్. పరీక్షలో తప్పయిన నాలుగూ ఇలా అదే దిద్దుకుంది. నేను నోరు మెదపలేదు.

రెండో మెట్టు. ఆ క్రియ ఎవరిది? మనం ‘వచ్చాడు’ అంటే చాలు, వచ్చినవాడు మగవాడనీ, ఒక్కడేననీ ఆ తోకలోనే ఉంది. ‘వచ్చాను’ అంటే నేనే. కర్త పేరు చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. ఇంగ్లీషులో ‘కేమ్’ అంటే ఎవరొచ్చారో తెలియదు. ఐ కేమా, హి కేమా, దే కేమా? అందుకే వాళ్లకి క్లాజులో కర్త ముందు కూర్చోవాల్సిందే. మన పిల్లలు ఇంగ్లీషు రాసేటప్పుడు కర్తని మింగేసేది ఇందుకే. నిర్లక్ష్యం కాదు, మన క్రియ కర్తని కడుపులో పెట్టుకుని నడుస్తుంది, అది అలవాటు.

“మరి ‘ద బాయ్ హూ కేమ్’లో కర్త ఎవరమ్మా?” అంది. మంచి ప్రశ్న. ‘హూ’నే కర్త. మనం “నిన్న వచ్చిన అబ్బాయి” అని క్రియని విశేషణం చేసి అబ్బాయికి ముందు తగిలించేస్తాం. వాళ్లు అబ్బాయిని ముందు చెప్పి, హూ అనే మాటని కర్తగా కూర్చోబెట్టి, కేమ్ అని పూర్తి క్రియ వేస్తారు. మనం దాన్ని ఉన్నదున్నట్టు దించితే “ఎవరైతే నిన్న వచ్చారో ఆ అబ్బాయి” అవుతుంది. టీవీలో అస్తమానం “ఏదైతే ఉందో, ఏదైతే జరిగిందో” అంటుంటారే, ఆ తీరు. అది చెప్పగానే పకపకా నవ్వింది. “ఏదైతే పప్పు ఉందో అది వేడిగా ఉంది” అని మొదలుపెట్టింది. రెండు రోజులు ఇల్లంతా ఇదే గోల.

మూడో మెట్టు. ఆ గుంపు వాక్యంలో ఏం పని చేస్తోంది? దీనికి తెలుగు ప్రశ్నలు చాలు. ‘ఏమిటి’ అంటే జవాబు వస్తే నామవాచకం పని, నౌన్ క్లాజ్. ‘ఏ, ఎలాంటి’ అంటే వస్తే విశేషణం పని, యాడ్‌జెక్టివ్ క్లాజ్. ‘ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా’ అంటే వస్తే యాడ్‌వర్బ్ క్లాజ్. ఫ్రేజులకీ ఇవే ప్రశ్నలు.

నౌన్ క్లాజ్ దగ్గర మాత్రం తెలుగు మనకి చెయ్యందిస్తుంది. “నాన్న రేపు వస్తారని అమ్మ చెప్పింది.” అమ్మ ఏమిటి చెప్పింది? ‘నాన్న రేపు వస్తారు’ అని. చూశారా, ఇక్కడ వస్తారు అన్న సమాపక క్రియ లోపల అలాగే ఉండిపోయింది, పక్కన ‘అని’ చేరిందంతే. ‘మదర్ సెడ్ దట్ ఫాదర్ వుడ్ కమ్’లో ‘దట్’ ఆ పనే చేస్తోంది. కాకపోతే మనది వెనక, వాళ్లది ముందు. “ఎవరు వస్తారో తెలియదు”లో ‘ఓ’ కూడా అంతే. కాబట్టి పూర్తి క్రియల్ని లోపల పెట్టుకోవడం తెలుగుకి బొత్తిగా తెలియని విద్యేం కాదు, అన్నిచోట్లా వాడుకోదు, అంతే.

అత్తయ్య ఇంతసేపూ వింటున్నారు. ఆవిడ బడికి వెళ్లలేదు. “ఏంటే, ఆ క్లాజు ఒక్కటే నిలబడదా?” అన్నారు. నేను మగ్గం చూపించాను. మీలో చాలామందికి జాందానీ చీర తెలుసు, నేత తెలియకపోవచ్చు. పడుగు నిలువు దారాలు, పేక అడ్డం దారం. నేల నేస్తూ నేస్తూ, బుటా రావలసిన చోట విడిగా ఇంకో దారం చేత్తో ఇరికిస్తారు. అందుకే మగ్గానికి ఇద్దరు కావాలి. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది మా చీరకి. మెయిన్ క్లాజ్ నేల. అది ఒక్కటీ ఉన్నా గుడ్డే. సబార్డినేట్ క్లాజ్ బుటా. దానిలో దారం, రంగు, పనితనం అన్నీ ఉన్నాయి, కానీ నేల లేకుండా బుటా గాల్లో నేయలేం. ‘వెన్ ద సీ రోజ్’ అని ఆగిపోతే వినేవాళ్లు “ఆఁ, అప్పుడు?” అంటారు. “అదా! బుటా అని చెప్పొచ్చు కదా ఇంత రాద్ధాంతం చెయ్యకపోతే” అన్నారు అత్తయ్య.

సరే, ఇక నువ్వు సొంతంగా ఒక వాక్యం చెప్పు, యాడ్‌జెక్టివ్ క్లాజ్ ఉండాలి అన్నాను. అది కాసేపు గోడ వంక చూసింది. నాయనమ్మ వంక చూసింది. తరవాత నెమ్మదిగా ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చెప్పింది.

‘ద హౌస్ వేర్ మై గ్రాండ్‌మదర్ వాజ్ బోర్న్ ఈజ్ ఇన్ ద సీ నౌ.’

నేను వెంటనే ఏమీ అనలేకపోయాను. ఉప్పాడ తీరం సముద్రం కోసుకుపోతూనే ఉంటుందని మీరు పేపర్లలో చదివే ఉంటారు. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టాలు వేశారు. అయినా ఏ తుపానుకో కొన్ని ఇళ్లు వెళ్లిపోతూనే ఉంటాయి. అత్తయ్య పుట్టిల్లు నేను కాపురానికి రాకముందే పోయింది. ఇప్పటికీ ఒడ్డుకి వెళ్లినప్పుడు నీళ్ల వైపు చెయ్యి చూపించి “అదిగో, అక్కడ మా అరుగు” అంటారు. పిల్ల చిన్నప్పటి నుంచీ వింటోంది. అదంతా ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుందో, ఒక క్లాజు కోసం వెతికితే బయటికొచ్చింది.

“ఏమందే అది?” అన్నారు అత్తయ్య.

“నాయనమ్మ పుట్టిన ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉందంటోంది అత్తయ్యా.”

ఆవిడ నవలడం ఆపారు. “ఇంగ్లీషులో అందా?” అన్నారు. “ఇంకోసారి అనమను.”

అది ఇంకోసారి అంది. ఈసారి తడబడకుండా అంది. అత్తయ్య తలూపుతూ విన్నారు. అర్థమైనట్టే విన్నారు.

తరవాత నేను అడిగాను, ఇందులో పూర్తి క్రియలెన్ని అని. “రెండు. వాజ్ బోర్న్ ఒకటి, ఈజ్ ఒకటి” అంది. ఏ ఇల్లు అని అడిగితే జవాబు వస్తోంది కాబట్టి యాడ్‌జెక్టివ్ క్లాజ్ అని కూడా అదే చెప్పింది. “అమ్మా, తెలుగులో అయితే ‘పుట్టిన’ సగం క్రియే కదా, ఉంది ఒక్కటే పూర్తిది” అంది మళ్లీ. ఆ మాటకి నాకు బీరువాలోని సర్టిఫికెట్టు గుర్తొచ్చింది. ఊరికే పోలేదు అనిపించింది.

నవంబరు యూనిట్ టెస్టులో గ్రామరు ముక్కకి పదికి ఎనిమిది వచ్చాయి. పోయిన రెండిట్లో ఒకటి మీకూ చెప్పాలి, పిల్లలు తరచూ పడే గొయ్యి అది. ‘బికాజ్ ఆఫ్ ద రెయిన్’ అన్నదాన్ని క్లాజ్ అని రాసింది, బికాజ్ కనబడగానే. ‘బికాజ్ ఇట్ రెయిన్డ్’ అయితే క్లాజ్, ఇట్ అనే కర్తా, రెయిన్డ్ అనే క్రియా ఉన్నాయి. ‘బికాజ్ ఆఫ్ ద రెయిన్’లో క్రియే లేదు, ఫ్రేజ్. ‘ఆఫ్టర్ లంచ్’, ‘ఆఫ్టర్ షి ఏట్ లంచ్’ కూడా ఇలాంటి జంటే. ముందున్న మాట చూసి మోసపోకూడదు, లోపల కర్తా క్రియా ఉన్నాయా అని చూడాలి. ఈ గొయ్యి నేను ముందే చూపించాల్సింది. నాకూ అప్పటికి తెలియదు.

ట్యూషన్ మాన్పించలేదండి. సార్ చెప్పేవి ఆయన చెబుతారు, నాకు రానివి ఎన్నో ఉన్నాయి. కానీ ఇప్పుడు చాప మళ్లీ నా పక్కకే వచ్చింది. నిన్న సాయంత్రం “అమ్మా, యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ నీకు వచ్చా?” అంది.

“రాదు” అన్నాను. “పుస్తకం ఇలా తే.”

మన కర్తరి, కర్మణి వాక్యాలే కదా అనుకున్నాను లోపల. కానీ ఈసారి వెంటనే నోరు జారలేదు. ముందు ఓ రెండు పేజీలు చదివి చూస్తాను.